కర్రల కొట్లో వద్దుగారు

మా మావయ్యగారికి ఒకే ఒక్క జబ్బు ఉంది. కొట్లో కూర్చుని, కొనడానికి వచ్చినవాడి మొహం మీదే "వద్దు" అంటారు. ఆ కొట్టు ఆయన సొంతమైతే ఆయన ఇష్టం, మధ్యలో నాదేం పోయింది? కానీ అది గోల్ఫు మైదానం కంపెనీవారి కొట్టు. దానికి మేనేజర్ని నేను. ఆయన్ని అక్కడ పనిలో పెట్టింది నేను. అమ్మకాలు లేవేమని పైవాళ్ళ చేత చీవాట్లు తినేదీ నేనే. కొట్లో పనిచేసేవాళ్ళు ఆయన చాటున ఆయన్ని వద్దుగారు అనేవాళ్ళు. పోను పోను ఎదురుగానే అనడం మొదలుపెట్టారు. ఆయన హాయిగా పలికేవారు.

ఆయన మా ఆవిడకి సొంత బాబాయి. గోల్ఫు కర్రలు తయారుచేసే ఫ్యాక్టరీలో ఇరవై ఏడేళ్ళు పనిచేశారు. అది మూతపడ్డాక, "మా బాబాయికి మీ కొట్లో ఏదో ఒక పని చూడండి" అని మా ఆవిడ నా చెవిలో ఇల్లు కట్టుకుని పోరింది. సరేనని కర్రలు బాగుచేసే బల్ల దగ్గర కూర్చోబెట్టాను. పిడి మీది అరిగిన రబ్బరు గ్రిప్పు కోసి తీసేయడం, టేపు చుట్టి కొత్తది ఎక్కించడం, వంగిన ఇనుపకర్రని మళ్ళీ దారికి తేవడం ఆయన పని. ఆ పనిలో ఆయనకి సాటి వచ్చేవాడు లేడు, ఆ మాట ఒప్పుకోవాల్సిందే. ఎవరిదైనా కర్ర చేతికిస్తే గ్రిప్పు మీద బొటనవేలి గుర్తు చూసి, "కుడి మోకాలు నొప్పిగా ఉంటోందా?" అని అడిగేవారు. ఉంటూ ఉండేది.

గోల్ఫు తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెబుతాను. చిన్న తెల్ల బంతిని కర్రతో కొట్టుకుంటూ వెళ్ళి, నాలుగువందల గజాల అవతల ఉన్న గుంటలో పడేయాలి. అది ఓ పట్టాన పడదు. ఆ పడకపోవడం మీదే ఈ వ్యాపారమంతా నడుస్తోంది. తప్పు తనదేనని ఆడేవాడికి తోస్తే మేం కొట్టు కట్టేసుకోవాలి. తప్పు కర్రదని అనుకుంటాడు కాబట్టి మా పిల్లలు చదువుకుంటున్నారు.

కర్రలన్నింటిలో పెద్దది ఒకటుంటుంది, మొదటి దెబ్బకి బంతిని దూరంగా పంపడానికి. ఏటా ఏడాది మొదట్లో కంపెనీలు కొత్త పెద్దకర్ర దింపుతాయి. నిరుటిదాని కన్నా పది గజాలు ఎక్కువ పోతుందని అట్టపెట్టె మీద రాసి ఉంటుంది. ధర నా రెండు నెలల జీతం. నేను టై బిగించుకుని దాన్ని అద్దాల బీరువాలో నిలబెడుతుంటే మావయ్యగారు తన బల్ల దగ్గర నుంచి లెక్క చెప్పేవారు.

"అల్లుడుగారూ, నేను కర్రల పనిలోకి వచ్చి ముప్పైనాలుగేళ్ళు. ఏడాదికి పది గజాల చొప్పున మూడువందల నలభై గజాలు. అప్పట్లో రెండువందలు కొట్టేవాడు ఇప్పుడు ఐదువందల నలభై కొడుతూ ఉండాలి. మన మైదానంలో అంత చోటెక్కడిది? బంతులన్నీ పక్క కాలనీ వాళ్ళ వంటింట్లో పడుతుండాలే! ఎవరైనా వచ్చి పోట్లాడారా?"

ఎవరూ పోట్లాడలేదు. అయినా మేనేజరు ఇలాంటి ప్రశ్నలకి జవాబు చెప్పకూడదు. నేను అద్దం తుడుచుకునేవాణ్ణి.

ఒకసారి పళ్ళ డాక్టరుగారు వచ్చారు. మా కొట్టుకి కామధేనువు ఆయన. ఇంట్లో అప్పటికే ఏడు పెద్దకర్రలు ఉన్నాయి. ఎనిమిదోది చేతిలోకి తీసుకుని, నేను అక్కడ లేనట్టే మావయ్యగారి వైపు తిరిగారు.

"ఇది ఎలా ఉందండీ?"

"బాగుంది" అన్నారు మావయ్యగారు.

నా ప్రాణం లేచొచ్చింది.

"మీకు వద్దు" అన్నారు మావయ్యగారు. లేచొచ్చిన ప్రాణం మళ్ళీ చతికిలబడింది.

"అదేమిటండీ?"

"ఇంట్లో ఉన్న ఏడింటితోనూ బంతి ఎటు పోతోంది?"

"కుడివైపు పొదల్లోకి."

"ఇదీ అక్కడికే పోతుంది. కాకపోతే పది గజాలు ఇంకా లోపలికి. వెతుక్కోవడం కష్టం."

డాక్టరుగారు నోరు తెరిచి అలాగే ఉండిపోయారు. రోజూ ఇతరుల చేత నోళ్ళు తెరిపించే మనిషి! మావయ్యగారు ఓ చీటీ చింపి, దాని మీద ఒక అంకె వేసి చేతిలో పెట్టారు. "క్యాడీల షెడ్డుకి వెళ్ళి ఈ నంబరు మనిషిని అడగండి. నెల రోజులు వాళ్ళు చెప్పినట్టు ఆడండి. అప్పటికీ కొత్త కర్ర కావాలనిపిస్తే రండి."

క్యాడీలంటే ఆటగాడి సంచీ మోసుకుంటూ వెంట నడిచేవాళ్ళు. బంతి ఎక్కడ పడిందో చూసిపెడతారు. గాలి ఎటుందో, ఏ కర్రతో కొట్టాలో చెబుతారు. చొక్కా మీద ఒక్కొక్కరికి ఒక్కో నంబరు. నెల తరువాత రమ్మనడం అంటే ఇక దయచెయ్యమని మర్యాదగా చెప్పడమేనని నేను అనుకునేవాణ్ణి. ఎందుకంటే నెల తరువాత ఒక్కడూ వచ్చేవాడు కాదు.

ఇంకోసారి వీడియోలు తీసుకునే అమ్మాయి వచ్చింది. ఈ మధ్య ఇదొక ముచ్చట. ఆట రాకపోయినా ఫర్వాలేదు, ఆడినట్టు కనిపిస్తే లక్షమంది చూస్తారు. గులాబీరంగు సంచీ కావాలంది.

"ఆట వచ్చా అమ్మా?" అన్నారు మావయ్యగారు.

"నేర్చుకుంటానంకుల్. ముందు సంచీ."

"అందులో ఏం పెడతావు?"

"కర్రలు."

"వాటితో ఏం చేస్తావు?"

ఆ అమ్మాయి కాస్త ఆలోచించి, "పట్టుకుని నిలబడతాను" అంది. నిజం చెప్పే పిల్ల.

"నిలబడడానికి ఇంత డబ్బెందుకు? ఇంట్లో చీపురు లేదూ? కాస్త దూరం నుంచి తీయించుకో." ఆ పిల్ల పడీపడీ నవ్వింది. ఆమెకీ ఒక చీటీ దక్కింది. గులాబీ సంచీ నాకు దక్కింది, ఇప్పటికీ గోదాములో ఉంది.

ఖరీదైన బంతులు కొనడానికి వచ్చినవాళ్ళ సంగతి చెప్పనే అక్కర్లేదు. "ఆటకి ఎన్ని పోగొడతారు?" అని అడిగేవారు. ఆరని చెబితే, చెరువులోంచి తీసిన పాత బంతుల బుట్ట చూపించేవారు. "ఇవి పట్టుకెళ్ళండి. ఎలాగూ వీటికి దారి తెలుసు."

ఇంటి దగ్గరా అదే వరస. ఫ్యాను వద్దు, ఉన్నది తిరుగుతోంది. కళ్ళజోడు వద్దు, ఒక అద్దం బాగానే ఉంది. నేను మా ఆవిడ దగ్గర మొత్తుకునేవాణ్ణి. "మీ బాబాయి ఇలాగే ఉంటే నేను రోడ్డున పడతాను."

"మా బాబాయి బాగుందన్నాడంటే అది నిజంగా బాగున్నట్టు. మీరు రోజుకి యాభైసార్లు బాగుందంటారు. మీ మాటకి విలువేం ఉంటుంది?" అనేది. మేనేజరు భార్య అనాల్సిన మాటేనా ఇది?

మధ్యలో ఓ రెండేళ్ళు ప్రపంచమంతా తలుపులేసుకుని ఇళ్ళల్లో కూర్చుంది. ఆరుబయట, మనిషికీ మనిషికీ యాభై గజాల దూరంలో ఆడే ఆట ఇదొక్కటే మిగిలింది. జనం ఎగబడ్డారు. బ్యాంకుల్లో పనిచేసేవాళ్ళు, నగల వ్యాపారులు, జన్మలో ఎండ మొహం చూడనివాళ్ళు కూడా కర్రలు పట్టుకుని వచ్చారు. వద్దుగారు ఎన్ని వద్దులన్నా సరుకు నిలవలేదు. మా ఛైర్మన్‌గారికి కళ్ళు నెత్తికెక్కాయి. మనుషులింక చచ్చేదాకా గోల్ఫు తప్ప మరో పని చెయ్యరని తీర్మానించుకుని, ఇంకో మూడు మైదానాలు కొన్నారు. సరుకు నాలుగింతలు తెప్పించారు. కర్రలు చేసే కంపెనీలూ అంత తెలివిగానే లెక్కేసుకుని రాత్రింబవళ్ళు చేసి పారేశాయి.

తరువాత తలుపులు తెరుచుకున్నాయి. జనం ఎవరి పనుల్లోకి వాళ్ళు పోయారు. కర్రలు మాత్రం ఎక్కడివక్కడే నిలబడ్డాయి. మేం ఒక ధరకి అమ్ముతుంటే, చేసిన కంపెనీయే ఫోనులో అడిగినవాళ్ళకి అంతకన్నా తక్కువకి ఇంటికి పంపుతోంది. అది చాలదన్నట్టు పెద్ద బజార్లలో తెర గోల్ఫు వెలిసింది. చల్లటి గదిలో నిలబడి తెర మీదికి బంతి కొడతారు. బంతి నిజానికి పోయేది రెండు గజాలు. రెండువందల అరవై పోయిందని తెర చెబుతుంది. కొట్టినవాడు పొంగిపోతాడు. అసలు మైదానంలో అంత మర్యాదగా అబద్ధం చెప్పేవాళ్ళు ఎవరూ లేరు.

అప్పుడు ఛైర్మన్‌గారు ఒక సలహాదారుని పెట్టుకున్నారు. అతను జన్మలో కర్ర పట్టలేదు, పట్టినవాళ్ళకి సలహాలిస్తాడు. వచ్చీ రాగానే ఆట రుసుముని గంటగంటకీ మార్చాడు. ఆరింటికి ఒక ధర, ఆరుంబావుకి ఇంకో ధర, మబ్బు పడితే తగ్గింపు, మబ్బు విడితే పెంపు. ఆటగాళ్ళు బంతి వంక కాక ఆకాశం వంక చూడడం నేర్చుకున్నారు. రెండో సలహాతో నా పీక మీదికి వచ్చాడు. ఈ నెలాఖరులోగా మా కొట్లో కొత్త పెద్దకర్రలు నలభై అమ్ముడుపోవాలి. పోకపోతే కొట్టు మూసి అక్కడ తెరలు పెడతారు.

"తెరలకి మేనేజరు అక్కర్లేదు. నువ్వు వేరే ఉద్యోగం చూసుకోవచ్చు" అన్నారు ఛైర్మన్‌గారు, నాకేదో వరమిస్తున్నట్టు.

నాకు నలభై తొమ్మిదేళ్ళు. ఇద్దరు పిల్లలు. తెలిసిన విద్య అద్దాలు తుడవడం, బాగుందనడం. నన్నెవడు చేర్చుకుంటాడు?

ముందు మావయ్యగారి బల్లని వెనక గదిలోకి మార్చాను. కొనేవాడి కంటపడకపోతే గొడవ ఉండదని నా ఆలోచన. లాభం లేకపోయింది. వచ్చినవాడు కర్ర పట్టుకుని తలుపు దగ్గర నిలబడి, "ఏమండీ, ఇది తీసుకోనా?" అని కేకేసేవాడు. లోపలి నుంచి "వద్దు!" అని జవాబు వచ్చేది.

"చూడకుండా ఎలా చెబుతారండీ?" అని ఒకాయన నిలదీశాడు.

"అడుగుల చప్పుడు విన్నాను. ఎడమకాలి మీద బరువు వెయ్యట్లేదు మీరు. కొత్త కర్ర ఏం చేస్తుంది పాపం" అన్నారు లోపలి నుంచి. తలుపు కింద నుంచి చీటీ కూడా వచ్చింది.

నెలలో ఇరవై రోజులు గడిచేసరికి పదకొండు కర్రలు పోయాయి. అవీ మావయ్యగారు అన్నానికి వెళ్ళిన వేళల్లో అమ్మినవి. ఇక లాభం లేదని ఆయన కాళ్ళావేళ్ళా పడ్డాను. "మావయ్యగారూ, బాగుందని అనొద్దు. వద్దని కూడా అనకండి. పది రోజులు నోరు మూసుకుని కూర్చోండి చాలు. నా ఉద్యోగం మీ నోట్లో ఉంది."

ఆయన సరేనని తలూపారు.

మర్నాడు సిమెంటు వ్యాపారి ఒకాయన వచ్చారు. కర్ర తీసుకుని అటూ ఇటూ ఊపారు. నేను బాగుందన్నాను, రెండుసార్లు. ఆయన వెనక గది తలుపు తోసి మావయ్యగారిని చూశారు. "ఏమంటారు?"

మావయ్యగారు పైన తిరుగుతున్న ఫ్యాను వంక చూశారు.

"తీసుకోమంటారా?"

మావయ్యగారు పెదవులు బిగించి కళ్ళు మూసుకున్నారు. పంటినొప్పితో బాధపడుతున్నవాడిలా ఉంది ఆ మొహం.

వ్యాపారి మెల్లగా కర్రని బీరువాలో పెట్టేశారు. "ఎప్పుడూ వద్దని కారణం చెప్పేవారు. ఈసారి చెప్పడానికి కూడా నోరు రాలేదంటే ఇదెంత ఘోరంగా ఉందో!" అని నాకు దండం పెట్టి వెళ్ళిపోయారు. వెళ్ళి నలుగురికీ చెప్పారు కూడా. మూడు రోజులపాటు ఆ బీరువా దగ్గరికి ఎవరూ రాలేదు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఏడేళ్ళుగా దాచుకున్నదంతా కక్కేశాను. "మీకు పని ఇప్పించినందుకు బాగా బుద్ధి చెప్పారు! కొట్టు మూసేస్తారు. నేను ఇంట్లో కూర్చుంటాను. మీ అన్నగారి కూతురు, పిల్లలు ఏం తింటారో మీరే చెప్పండి. దానికీ ఓ చీటీ రాసివ్వండి!"

ఆయన చేతిలో ఉన్న కర్రకి టేపు చుట్టడం పూర్తిచేసి, గ్రిప్పు ఎక్కించి, గోడకి ఆనించి, చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఆయన లేని ఆ రోజుల్లో నేను కర్రలు అమ్మేసి ఉంటానని మీరనుకోవచ్చు. ఎనిమిది అమ్మాను. మిగతావాళ్ళు వద్దుగారు వచ్చాక అడిగి తీసుకుంటామని వెళ్ళిపోయారు.

ఈలోగా సలహాదారు నుంచి ఒక కాగితం వచ్చింది. కంపెనీ కొత్తగా కొన్న మూడు మైదానాల్లోనూ క్యాడీలని పంపేసి, తెరలున్న బ్యాటరీ బండ్లు పెట్టారట. బంతి ఎంత దూరంలో ఉందో బండే చెబుతుందట. మా దగ్గర మాత్రం బండ్లు వచ్చాక కూడా ముప్పైరెండు మంది క్యాడీలు ఇంకా ఎందుకున్నారు? బండి ఉండగా ఆటగాళ్ళు మనుషులని ఎందుకు అడుగుతున్నారు? కారణం కనుక్కుని రాయాలి. ఇదీ ఆ కాగితం సారాంశం. మునిగిపోతున్నవాడికి ఇదొక పని. విసుక్కుంటూ షెడ్డుకి వెళ్ళాను. ఈ మైదానంలో పనికి చేరి ఇరవయ్యేళ్ళయినా నేను అక్కడ అడుగు పెట్టడం అదే మొదలు. మేనేజర్లు అటు వెళ్ళరు.

రేకుల షెడ్డు, రెండు పొడుగు బల్లలు, వరసగా మేకులకి నంబర్ల చొక్కాలు. వాళ్ళలో సగం మంది ఆడవాళ్ళే. అందరిలోకీ పాతావిణ్ణి పెద్దక్క అంటారు. ఆవిడ నన్ను చూసి గబుక్కున లేచి, "వద్దుగారికి ఒంట్లో ఎలా ఉంది సార్? నాలుగు రోజులైంది, చీటీలు రావట్లేదు" అంది.

"ఆ చీటీలతో మీకేం పని?" అన్నాను.

ఆవిడ నన్ను వింతగా చూసింది. "మా పనంతా వాటితోనే కదా సార్! బండ్లొచ్చాక మమ్మల్ని అడిగేవాళ్ళే లేకపోయారు. వద్దుగారు రోజూ పొద్దున్నే మీ కొట్టు తెరవకముందు ఇక్కడికొస్తారు. ఎవరికి ఎన్ని రోజులుగా పని దొరకలేదో అడుగుతారు. ఎక్కువ రోజులు ఖాళీగా ఉన్నవాళ్ళ నంబరు గుర్తుపెట్టుకుంటారు. మధ్యాహ్నానికల్లా ఆ నంబరు చీటీ పట్టుకుని ఎవరో ఒక దొర వస్తాడు."

నేను బల్ల మీద కూర్చున్నాను.

"వచ్చినవాళ్ళు ఊరికే పోతారా?"

"పోరు సార్. ఆ పళ్ళ డాక్టరుగారు మూడేళ్ళుగా పంతొమ్మిదో నంబరుతోనే ఆడుతున్నారు. వీడియోల పిల్ల నాతో వస్తుంది."

"డాక్టరుగారు ఇప్పుడు బంతి తిన్నగా కొడుతున్నారా?"

"ఎక్కడ సార్! కుడివైపుకే కొడతారు. మా పంతొమ్మిది ఆయన్ని ఎడమవైపు తిప్పి నిలబెడుతుంది. బంతి మధ్యలో పడుతుంది. ఆయన సంతోషం చూడాలి!"

"ఇన్నేళ్ళూ నాకెందుకు చెప్పలేదు?"

"చెప్పొద్దన్నారు సార్. అల్లుడుగారికి తెలిస్తే ఆపాలి, ఆపకపోతే ఆయన ఉద్యోగానికి ముప్పు, తెలియకపోతే ఏ గొడవా లేదు అన్నారు."

నాకు ఆ పూట చాలా సిగ్గేసింది. ఒక్కో వద్దుకీ నేను నా ఖాతాలో ఒక నష్టం చూసుకున్నాను. ఇక్కడ రేకుల కింద ముప్పైరెండు ఇళ్ళల్లో పొయ్యి వెలుగుతోంది. కాగితం జేబులో పెట్టుకుని, సలహాదారుకి ఏమీ రాయకుండా వచ్చేశాను.

నెలాఖరున ఛైర్మన్‌గారి గదికి పిలుపు వచ్చింది. పొడుగు బల్ల, ఆ చివర ఛైర్మన్‌గారు, పక్కన సలహాదారు, గోడ మీద రంగురంగుల బొమ్మలు. "నలభైకి పంతొమ్మిది" అన్నారు ఛైర్మన్‌గారు. ఆయన ఒక ఉత్తరం తీసి బల్ల మీద పడేశారు. మావయ్యగారి చేతిరాత. నేను తిట్టిన మర్నాడు ఇచ్చి వెళ్ళారట.

"కొనేవాళ్ళని ఏడేళ్ళుగా తనే చెడగొట్టానని ఒప్పుకున్నాడు. మేనేజరుకి ఏ సంబంధమూ లేదని రాశాడు. ఉద్యోగం మానేస్తున్నాడు. పీడా వదిలింది. నీకు ఇంకో మూడు నెలలు టైమిస్తాను, అమ్మి చూపించు. సరేనా?"

సరే అంటే అయిపోయేది. నేనేమీ ధైర్యవంతుణ్ణి కాను, ఆ మాట పెదవుల దాకా వచ్చింది కూడా. కానీ గోడ మీద ఒక బొమ్మ నా కంటపడింది. నాలుగు మైదానాలకి నాలుగు గడులు. కొత్తగా చేరిన ప్రతి పదిమందిలో ఏడాది తిరిగేసరికి ఆట మానేసినవాళ్ళు ఎంతమందో అందులో ఉంది. మూడు మైదానాల్లో ఏడుగురు మానేశారు. మా దగ్గర ఇద్దరే.

"అది ఎందుకలా ఉందండీ?" అన్నాను.

సలహాదారు అందుకున్నాడు. "మీ దగ్గర గడ్డి నాణ్యత ఎక్కువ."

"గడ్డి నాలుగు చోట్లా ఒకటేనండీ. ఒకే లారీలో వచ్చింది, దింపుకున్నవాణ్ణి నేనే." చీటీల సంగతి, షెడ్డు సంగతి, పంతొమ్మిదో నంబరు సంగతి అంతా చెప్పేశాను. "నేను కర్ర అమ్మినవాడు మూడు నెలలకి మానేస్తున్నాడండీ. ఆయన వద్దన్నవాడు ఇంకా ఆడుతున్నాడు. తీసేయాల్సి వస్తే నన్ను తీసెయ్యండి."

ఛైర్మన్‌గారు మావయ్యగారికి కారు పంపించారు. ఆయన గ్రిప్పుల జిగురు అంటిన చేతులతోనే వచ్చి నిలబడ్డారు. ఇంటి దగ్గర కూడా ఎవరివో కర్రలు బాగుచేస్తున్నారన్నమాట.

"మా కొట్లో కూర్చుని మా సరుకే వద్దంటావా?" అన్నారు ఛైర్మన్‌గారు.

"అవునండీ. కర్ర కొన్నవాడు పది గజాల కోసం చూస్తాడండీ. అవి రావు. కోపమొచ్చి అటకెక్కిస్తాడు. క్యాడీని పెట్టుకున్నవాడు అలా మానలేడండీ. ఆదివారం పొద్దున బద్ధకించి పడుకుందామనుకుంటాడా, అక్కడ ఆవిడ సంచీ పట్టుకుని ఎదురుచూస్తూ ఉంటుందని గుర్తొస్తుంది. సిగ్గుపడి లేచొస్తాడు. వస్తే రుసుము కడతాడు కదండీ."

రుసుము అన్న మాట వినగానే ఛైర్మన్‌గారి మొహం విప్పారింది. అంతవరకూ చెప్పిందంతా ఆయనకి ఒక చెవిలోంచి ఇంకో చెవిలోకి పోయింది, ఇదొక్కటే లోపల ఆగింది. ముప్పైరెండు ఇళ్ళ గురించి ఆయన అడగలేదు. ఏడాదికి ఎన్ని ఆటలు, ఆటకి ఎంత అని అడిగారు. సలహాదారు అప్పటికే లెక్కల మిషను మీద వేళ్ళు ఆడిస్తున్నాడు.

వారం తిరగకుండా సలహాదారు ఈ ఆలోచనకి నోరు తిరగని పేరొకటి పెట్టి, తనదేనని చెప్పుకుని, దానికి వేరే ఫీజు పుచ్చుకున్నాడు. మిగిలిన కర్రలు చేసిన కంపెనీలకే తిప్పి పంపేశారు. బీరువాలు తీసేసి సగం కొట్లో మావయ్యగారి బల్ల వేశారు, మిగతా సగంలో ఆటగాడికి క్యాడీని కుదిర్చే బల్ల వేసి నన్ను కూర్చోబెట్టారు. క్యాడీలు పోతే ఆటగాళ్ళు పోతారని కాగితం మీద చూశాక, ఛైర్మన్‌గారు ముప్పైరెండు మందికీ నెలజీతం కట్టారు. తీసేసినవాళ్ళని మూడు మైదానాలకీ మళ్ళీ పిలిపించారు. ఆయన చేసిన మంచిపని అదొక్కటే, అదీ లాభం కోసమే చేశారు. అయినా చేశారు, పోనిద్దురూ.

అసలు చెప్పాల్సింది ఆ రోజు సంగతి. గదిలోంచి బయటికి వస్తూ బల్ల మీది ఉత్తరం నేను తీసుకున్నాను. చింపేద్దామనుకుంటూ తిప్పి చూస్తే వెనకవైపు ఇంకో నాలుగు వాక్యాలున్నాయి. ఛైర్మన్‌గారు అటు తిప్పినట్టు లేరు.

"మా మేనేజరు అమ్మకాల్లో దిట్ట. నేను అడ్డుపడకపోతే నలభై కాదు, నాలుగువందలు అమ్మేవాడు. ఇలాంటి మనిషి మీకు ఎంత వెతికినా దొరకడు. కళ్ళు మూసుకుని తీసుకోవచ్చు."

ముప్పైనాలుగేళ్ళ వృత్తిలో ఆయన ఒక సరుకుని మెచ్చుకుని తీసుకోమనడం అదే మొదటిసారి. ఆ సరుకు నేనే.

మైదానం గేటు దాటాక అడిగాను. "మావయ్యగారూ, నిజంగా నాలుగువందలు అమ్మేవాణ్ణంటారా?"

"నాలుగు అమ్మడం కూడా కష్టమే మీకు."

"మరి ఇలా రాశారేం?"

ఆయన నావైపు జాలిగా చూశారు. "ఇక్కడ కొనేవాడు ఛైర్మన్‌గారు కదా అల్లుడుగారూ! కొనేవాడికి ఉన్నదున్నట్టు చెబితే సరుకు కదులుతుందా?"

నాకు ఏడుపూ నవ్వూ కలిసి రాబోయి నవ్వే ముందొచ్చింది. రోడ్డు పక్కన నిలబడి ఇద్దరం నవ్వుతుంటే, గేటు కాపలా మనిషి ఇద్దరి ఉద్యోగాలూ ఊడాయేమోనని పరిగెత్తుకొచ్చాడు.